కత్తెర పట్టే ముందు లెక్క

ఐదేళ్ల పాప నడుము 22 అంగుళాలు అనుకుందాం. దాన్ని 6.28తో భాగిస్తే మూడున్నర వస్తుంది. టైలర్లు అంబ్రెల్లా కటింగ్ అనే నిండు ఘేరు గౌనుకు ఈ మూడున్నరే ఆధారం. గుడ్డను నాలుగు మడతలుగా పరిచి, మడతలు కలిసే మూల నుంచి మూడున్నర అంగుళాల దూరంలో పావు వలయం గీస్తే అది నడుము. అదే మూల నుంచి ఇరవై ఒకటిన్నర అంగుళాల దూరంలో మరో వలయం గీస్తే అది కింది అంచు. మధ్యలో మిగిలే 18 అంగుళాలు గౌను కింది భాగం పొడవు. పెద్ద వలయం అడ్డుకొలత 43 అంగుళాలు. మామూలు నూలు గుడ్డ పన్నా 44. సరిగ్గా సరిపోయిందని కత్తెర తీస్తాం.

అక్కడే ఆగాలి. నూలు గుడ్డ మొదటిసారి తడిసినప్పుడు 3 నుంచి 5 శాతం దాకా ముడుచుకుంటుంది. పన్నాలో 3 శాతం పోయినా 44 కాస్తా 42.7 అవుతుంది. అంటే వలయం 42.5 అంగుళాలకు మించి రాదు. కింద మడతకు అర అంగుళం తీసేస్తే పొడవు 17 అంగుళాలకు కాస్త పైన నిలుస్తుంది. ఈ లెక్క వేసుకోకుండా కొత్త గుడ్డను నేరుగా కోసి కుట్టారనుకోండి, గౌను మొదటి రోజు బాగానే ఉంటుంది. మొదటి ఉతుకు తర్వాత నడుము 22 నుంచి 21 వైపు జారుతుంది, పాపకు బిగుస్తుంది. అందుకే మీటరుంపావు గుడ్డ కొని, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే టేపు పట్టాలి. నడుము గీతను మూడున్నర దగ్గర గీసినా, కుట్టుకు అర అంగుళం వదిలి మూడు దగ్గరే కోయాలి. ఇంకో జాగ్రత్త: వలయంగా కోసిన గుడ్డ క్రాస్ పడిన చోట సాగుతుంది. నడుము కుట్టాక ఒక రాత్రి కొక్కేనికి వేలాడదీసి, సాగిన మేర కత్తిరించి, ఆ తర్వాతే కింది అంచు మడవాలి. ఆ అంచు చుట్టూ 130 అంగుళాలు. అంగుళానికి 10 కుట్ల చొప్పున 1,300 కుట్లు.

సొంతవాళ్లకు కుట్టేటప్పుడు ఓపిక, ఇష్టం ఎలాగూ ఉంటాయి. వాటికి లెక్క తోడైతేనే ఆ బట్ట ఒంటి మీద నిలుస్తుంది. ఇంటి కుట్టుకు ఉన్న అసలు బలం డబ్బు ఆదాలో లేదని నా అభిప్రాయం. అది గుడ్డ లోపల మనం వదిలే అదనంలో ఉంది. ఫ్యాక్టరీలో వేల గౌన్లు ఒకేసారి కోస్తారు. ఒక్కో గౌనులో అంగుళం మిగిలితే బేళ్లకు బేళ్లే ఆదా. అందుకే రెడీమేడ్ బట్టను తిరగేసి చూస్తే ఓవర్‌లాక్ కుట్టు పక్కన సెంటీమీటరు గుడ్డ కూడా కనిపించదు. ఇంట్లో కుట్టే మనిషికి ఆ పొదుపు అక్కర్లేదు. వేసుకునే పిల్ల ఎవరో తెలుసు, ఆమె పెరుగుతుందనీ తెలుసు.

ఎంత పెరుగుతుంది? మూడేళ్ల నుంచి యుక్తవయసు వచ్చేదాకా పిల్లలు ఏడాదికి సుమారు 6 సెంటీమీటర్లు ఎదుగుతారు. అందులో సగానికి పైగా కాళ్ల పెరుగుదలే. అంటే నడుము నుంచి చీలమండ దాకా ఏడాదికి దాదాపు అంగుళంన్నర. మన అమ్మమ్మలు ఈ లెక్కలు వేసుకోలేదు గానీ పట్టు లంగాకు కింద మడతలు వేయించేవారు. టైలర్లు వాటిని టక్కులంటారు. ముప్పావు అంగుళం లోతున్న ఒక్క టక్కు అంగుళంన్నర పొడవును మింగుతుంది. మూడు టక్కులు వేస్తే నాలుగున్నర అంగుళాలు లోపల దాగుతాయి. ఏడాదికొకటి విప్పుకుంటూ పోతే అదే లంగా ఇంకో మూడేళ్లు కట్టుకోవచ్చు.

దీన్ని గుడ్డ మీద పరిచి చూద్దాం. పాపకు లంగా పొడవు 24 అంగుళాలు. టక్కులకు నాలుగున్నర, కింది మడతకు రెండు, నడుము పట్టీ మడతకు ఒకటిన్నర కలిపితే కోత పొడవు 32 అంగుళాలు. రెండు వైపులా అంచున్న 44 అంగుళాల పన్నా పట్టు గుడ్డ రెండుంపావు మీటర్లు తీసుకున్నారనుకోండి. అంచు కిందికి వచ్చేలా పన్నాలోంచి 32 అంగుళాలు లంగాకు పోతే, పైన 12 అంగుళాల వెడల్పున్న పొడుగు పట్టీ మిగులుతుంది. దాని పొడవు 88 అంగుళాలు. పది అంగుళాల పొడవుండే జాకెట్టుకు వీపు ముక్క 15, ముందు ముక్కలు రెండూ కలిపి 18, చేతులు రెండూ కలిపి 24: మొత్తం 57 అంగుళాలు. మిగిలిన పట్టీలోనే జాకెట్టు పూర్తిగా వచ్చేసింది, మెడ పట్టీలకు, పైపింగ్‌కు ఇంకా 31 అంగుళాలు చేతిలో ఉన్నాయి. పై అంచు చేతులకు అమరుతుంది. 88 అంగుళాల ఘేరును 22 అంగుళాల నడుములోకి కుచ్చితే ఒకటికి నాలుగు వంతులు. పట్టుకు ఆ నిండుదనం చక్కగా నప్పుతుంది. మందపాటి గుడ్డయితే మూడు వంతులు చాలు, లేకపోతే నడుము దగ్గర గుట్టగా లేస్తుంది.

టక్కు వేసే కుట్టును మాత్రం మిగతా కుట్లలా చిన్నగా వేయకండి. అంగుళానికి ఆరు చాలు. తర్వాత విప్పాల్సింది అదే. పదేసి కుట్లు వేసిన టక్కును విప్పబోతే పట్టు పోగులు తెగుతాయి. విప్పిన చోట పాత మడత గీత ఎంత ఇస్త్రీ చేసినా పూర్తిగా పోదు. దానికి మందు ఎంబ్రాయిడరీ. ఆ గీత మీదుగా ఒక వరుస గొలుసు కుట్టు వేస్తే గీత పూర్తిగా కప్పుకుపోతుంది, చూసేవాళ్లకు అది అలంకారంగానే కనిపిస్తుంది.

గొలుసు కుట్టుకు ఎంత దారం పడుతుందో కొనేముందే తెలుసుకోవచ్చు. ఒక్కో గొలుసుకు పైన రెండు పోగులు, వెనక ఒకటి నడుస్తాయి గనుక గీత పొడవుకు మూడు రెట్లు దారం లెక్క. 88 అంగుళాలంటే 2.24 మీటర్లు, దానికి 6.7 మీటర్ల దారం. మామూలు ఎంబ్రాయిడరీ దారం కట్టలో 8 మీటర్ల పొడవు, ఆరు పోగులు ఉంటాయి. రెండేసి పోగులుగా విడదీస్తే 24 మీటర్లు. కాబట్టి ఒక్క కట్టతో మూడు టక్కుల గీతలూ కప్పేయొచ్చు. ఒక్కో గొలుసు 4 మిల్లీమీటర్లయితే వరుసకు 560 గొలుసులు. నిమిషానికి ఆరు చొప్పున గంటన్నర పని.

పెద్దవాళ్ల జాకెట్టుకూ ఇదే సూత్రం. పక్క కుట్లు రెండు, ఒక్కో కుట్టులో గుడ్డ అంచులు రెండు, మొత్తం నాలుగు. ఒక్కో అంచున అంగుళంన్నర వదిలి, అందులో అంగుళం విప్పగలిగితే ఛాతీ చుట్టుకొలత కాగితం మీద నాలుగు అంగుళాలు పెరుగుతుంది. చంక చుట్టు దాంతో సమానంగా పెరగదు గనుక ఆచరణలో రెండు మూడు అంగుళాల మీద ఆశ పెట్టుకోండి. బాలింత అయిన చెల్లెలికో, మందుల వల్ల ఒళ్లు వచ్చిన స్నేహితురాలికో ఆ రెండు అంగుళాలే పాత జాకెట్లన్నిటినీ మళ్లీ వేసుకునేలా చేస్తాయి.

ఒంటి కొలతకు ఎంత వదులు కలపాలన్నది వేరే లెక్క. చీర జాకెట్టుకు అంగుళం లోపే. పిల్లల గౌనుకు రెండు నుంచి మూడు. కుర్తాకు మూడు నుంచి నాలుగు, మగవాళ్ల చొక్కాకు నాలుగు. దూరాన ఉన్నవాళ్లకు కుట్టేటప్పుడు ఫోన్లో చెప్పిన కొలతలను నమ్మొద్దు, టేపు బిగించి కొలిచేవాళ్లూ ఉంటారు, వదిలి కొలిచేవాళ్లూ ఉంటారు. ఆది జాకెట్టు తెప్పించుకోవడం మేలు. సూదికి కూడా నంబరు ఉంది: 14 నంబరు సూది మందం 0.9 మిల్లీమీటరు, 11 నంబరుది 0.75. నూలుకు మొదటిది, పల్చటి పట్టుకు రెండోది. పట్టు మీద 16 నంబరు సూది పెడితే చిల్లులు కంటికి కనిపిస్తాయి.

ఇక సమయం. కుట్టు మిషన్ వచ్చి ఏం మార్చిందో చెప్పడానికి ఒక పాత లెక్క ఉంది. ఎలియాస్ హోవ్ పేటెంటు 1846ది, ఐజాక్ సింగర్‌ది 1851ది. ఆ తర్వాత పదేళ్లకు అమెరికాలో వీలర్ అండ్ విల్సన్ కంపెనీ ప్రచారం చేసిన అంకెల ప్రకారం మగవాళ్ల చొక్కా ఒకటి చేత్తో కుడితే 14 గంటల 26 నిమిషాలు, మిషన్ మీద గంటా 16 నిమిషాలు. దాదాపు పదకొండు రెట్ల తేడా. అమ్మేవాళ్లు చెప్పిన లెక్కే అయినా చేత్తో ఒక చొక్కా కుట్టి చూసినవాళ్లకు అది అతిశయం అనిపించదు. యంత్రాల మీద అంత అనుమానం ఉన్న గాంధీ కూడా 1924లో సింగర్ మిషన్‌ను మినహాయించారు. అయితే మిషన్ తగ్గించింది కుట్టే సమయాన్నే. మన గౌను అంచు 1,300 కుట్లు, నిమిషానికి 500 చొప్పున మూడు నిమిషాల్లోపే అయిపోతాయి. ఆ అంచును సమంగా మడిచి, గుండుసూదులు గుచ్చడానికి మాత్రం అరగంట పడుతుంది. గుడ్డ తడపడం, కోయడం, హుక్కులు వేయడం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

మిషన్ అసలు అక్కర్లేని పనిలో మొదటిది బొంత. చీర పొడవు ఐదున్నర మీటర్లు, వెడల్పు సుమారు 1.15 మీటర్లు. 90 సెంటీమీటర్లకు ఒక మడత చొప్పున వేస్తే ఆరు పొరలు. చిన్న బొంతకు ఒక్క నూలు చీర చాలన్నమాట. అంగుళానికొక వరుస దూరపు కుట్టు వేస్తే 36 వరుసలు, ఒక్కోటి 1.15 మీటర్లు: మొత్తం 41 మీటర్ల కుట్టు. సెంటీమీటరుకొక కుట్టు చొప్పున నాలుగు వేల పైచిలుకు. ఆరు పొరల్లో సూది దింపుతూ నిమిషానికి పది వేసినా ఏడు గంటలు. రోజుకు గంట చొప్పున వారం పని. ఎన్నో ఉతుకులు తిన్న చీరనే ఎంచుకోండి. కొత్త నూలుకు ఆ మెత్తదనం రాదు, పాత చీర ముడుచుకునేదంతా ఎప్పుడో ముడుచుకుని ఉంటుంది కూడా.

క్రోషేలో కొలత గుడ్డతో కాకుండా అల్లికతోనే పుడుతుంది గనుక లెక్క ఇంకా ముఖ్యం. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34–35 సెంటీమీటర్లు, ఏడాదికి 46 దాకా వస్తుంది. టోపీ సాగుతుంది కాబట్టి తల కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువ అల్లాలి. నాలుగు మిల్లీమీటర్ల సూదితో, మధ్యరకం దారంతో 10 సెంటీమీటర్లకు 14 అల్లికలు పడుతున్నాయనుకోండి, 33 సెంటీమీటర్లకు 46. నడినెత్తి 12 అల్లికలతో మొదలై వరుసకు 12 చొప్పున పెరుగుతుంది: 12, 24, 36, 48. నాలుగో వరుసకు దాదాపు కావాల్సిన చుట్టుకొలత వచ్చేసింది. అక్కడి నుంచి పెంచకుండా కిందికి అల్లుకుంటూ పోవడమే. మీ చేయి బిగువైతే 10 సెంటీమీటర్లకు 14 బదులు 17 పడతాయి. అప్పుడు అదే 48 అల్లికల టోపీ 28 సెంటీమీటర్లే ఉంటుంది, నెలలు నిండని బిడ్డకు తప్ప పట్టదు. అందుకే ముందు అరచేతి వెడల్పున ఒక చదరం అల్లి కొలుచుకోమని ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఆ పావుగంట దండగ కాదు.

విజయవాడ ఎండలకు ఉన్ని టోపీ పనికిరాదు, నూలు దారమే వాడాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పురుడు పోయడానికి వెళ్లే అమ్మమ్మల సూట్‌కేసులకు మాత్రం ఉన్నిదీ పనికొస్తుంది. వాళ్లు తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు ఇంకొన్ని ఉన్నాయి. మూడేళ్లలోపు పిల్లల ఆటవస్తువుల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్కలేవీ ఉండకూడదని అమెరికా నిబంధన. గొంతులో అడ్డం పడే పరిమాణం అది. జుబ్బాకు కుట్టే బొత్తాం, పూస, అద్దం అన్నీ ఆ కొలతకన్నా చిన్నవే. పసివాళ్ల బట్టలకు వాటి బదులు గుడ్డతో చేసిన పక్క ముడులు పెట్టండి. పిల్లల కోటు టోపీకి, మెడకు లాగి కట్టే తాళ్లు వద్దని ఆ దేశపు వినియోగదారుల భద్రతా సంఘం 1996 నుంచీ చెబుతోంది. బొంత కూడా ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయే ఉయ్యాల్లో విడిగా వేయకూడదన్నది పిల్లల వైద్యుల మాట. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరచడానికి వాడుకోవచ్చు.

ఖర్చు సంగతి దాటవేయను. పైన చెప్పిన పట్టు లంగాకు మీటరు 400 చొప్పున గుడ్డ 900 రూపాయలు, మీటరు 60 చొప్పున లైనింగ్ 135, దారం, హుక్కులు 50 అనుకుందాం. మొత్తం 1,085. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ఎనిమిది గంటల పని. ఉపాధి హామీ పథకంలో 2024–25లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రోజు కూలి 300 రూపాయలు. ఆ తక్కువ కూలినే మన చేతికి వేసుకున్నా లంగా, జాకెట్టు విలువ 1,385. సంత రోజున రెడీమేడ్ దుకాణంలో అంతకన్నా చవకైనది దొరకొచ్చు. కానీ అది ఒక్క ఏడాదికి. మనది టక్కులు విప్పుకుంటూ మూడేళ్లే కట్టినా ఏడాదికి 462. విప్పే గుడ్డ లోపల లేకపోతే ఇంటి కుట్టు ఖరీదైన పనే.

ఆ కూలి అంకెను ఊరికే తేలేదు. గౌను, చొక్కా ఫ్యాక్టరీలో తయారవుతాయి. అసలైన క్రోషే అల్లికను కుప్పలుగా తయారు చేసే మిషన్లు మాత్రం ఇప్పటికీ ఫ్యాక్టరీల్లోకి రాలేదు. దుకాణంలో కనిపించే క్రోషే బట్ట అయితే మిషన్ మీద చేసిన నకలు, లేదంటే ఎవరో ఒకరు సూదితో కూర్చుని అల్లింది. మన దగ్గర అల్లేవాళ్లు ఎక్కువగా నరసాపురం చుట్టుపక్కల ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక గోదావరి ఇళ్ల అరుగుల మీద స్థిరపడి, అక్కడి నుంచి విదేశాలకు ఎగుమతయింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ అక్కడ పరిశోధించి 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద పుస్తకం తెచ్చారు. రోజూ గంటల తరబడి అల్లే ఆడవాళ్ల పనిని తీరిక వేళల కాలక్షేపంగా లెక్కగట్టి, నామమాత్రపు కూలి ఇస్తున్నారని ఆమె చూపించారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఒక లెక్క వేసి చూడండి. పది సెంటీమీటర్ల లేసు బిళ్లలు కలిపి మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న టేబుల్ గుడ్డ చేయాలంటే 100 బిళ్లలు కావాలి. బిళ్లకు 40 నిమిషాలు అనుకున్నా 67 గంటలు, ఎనిమిది గంటల రోజులు ఎనిమిదికి పైనే. రోజుకు 300 చొప్పున కూలే 2,500 రూపాయలు. దారం, కలిపి కుట్టడం, ఉతికి గంజి పెట్టడం, అమ్మేవాళ్ల వాటా దానిపైన. అలాంటి గుడ్డ ఎనిమిది వందలకు దొరికిందంటే తక్కిన డబ్బు అల్లిన చేతికి ఎగ్గొట్టారన్నమాట.

సొంతవాళ్లకు కుట్టే గంటలకు కూలి అడగం, అడగక్కర్లేదు. అది మనం ఇష్టంగా ఇచ్చేది. పక్కింటావిడ చూసి ముచ్చటపడి, మా మనవరాలికీ ఒకటి కుట్టి పెట్టు, డబ్బులిస్తాను అన్నప్పుడు మాత్రం గుడ్డ ధర ఒక్కటే చెప్పకండి. ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టుకుని, ఆ గంటల కూలి కలిపి చెప్పండి. రేపు మీరు లేసు కొనబోయినప్పుడు అదే లెక్క అవతలివాళ్లకూ వేసి, బేరం అక్కడితో ఆపండి.